నండూరివారికి మన సీమ ఋణము

గత మాసములో నొక ఆదివారము సాయంకాలము మా పఠనమందిరమున పదునేనుగురము నాపబండల నేలపై గూర్చుండి పుస్తక పఠనము చేయుచుంటిమి. అందొక యువకుడు బేతంచెర్ల వైపున బండలకు పాలిషు పట్టు కార్ఖానాలో పనివాడు. పదవ తరగతితో చదువు చాలించినవాడు. అతడు చదువుచున్నవారిని చేసైగతో నాపి, తాను కూర్చున్న బండను అరచేతితో తట్టి, "ఈ బండకు ఎన్నేండ్లు ఉంటాయి సార్?" అని యడిగెను.

ఆ మందిరములో వకీళ్ళ మిద్దరము, ఉపాధ్యాయులు ముగ్గురు, ఉద్యోగము విరమించిన రెవెన్యూ అధికారి యొకరు నుంటిమి. ఒక్కరమును నోరు మెదపలేదు. గనుల కౌలు తగవులలో ఈ బండను గూర్చి మేము చేసిన వాదములకు లెక్క లేదు. దాని సర్వే నంబరు మాకు తెలియును. దానిపై చెల్లింపవలసిన సీనరేజి తెలియును. లారీ యొక్కింటికి ధర తెలియును. దాని వయస్సు మాత్రము మాకు తెలియలేదు. దానిమీద నడచి, దానిమీద పరుండి, దాని క్రింద తలదాచుకొని, నలువదేండ్లు బ్రతికియు ఆ ప్రశ్న మా కెన్నడును తోచలేదు. సిగ్గుపడితిమి.

ఆనాడు మేము చదువుచున్న గ్రంథము నండూరి రామమోహనరావుగారి 'నరావతారం'. ఆ యువకునిచేత ఆ ప్రశ్న యడిగించినది ఆ గ్రంథమే. ఇట్టి ప్రశ్నలు పుట్టించు పుస్తకము మన భాషలో నుండుట యెంత భాగ్యమో, అది మన పఠనమందిరముల బీరువాలలో కానరాకుండుట యెంత నష్టమో పాఠకులకు మనవి చేయుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

నండూరివారు 1927వ సంవత్సరమున కృష్ణాజిల్లా విస్సన్నపేటలో జన్మించి, 2011వ సంవత్సరము సెప్టెంబరులో కీర్తిశేషులైరి. వారు ప్రయోగశాలలో పనిచేసిన శాస్త్రజ్ఞులు కారు, పత్రికా రచయితలు. ఆంధ్రపత్రిక వారపత్రికలో పనిచేసి, పిదప ఆంధ్రజ్యోతిలో చేరి, ఆ దినపత్రికకు సంపాదకులైరి. మార్కు ట్వేను సృష్టించిన టామ్ సాయరును, హకల్‌బెరీ ఫిన్నును తెలుగు బాలురకు నేస్తములను చేసినది వారే. స్టీవెన్సను నవలను 'కాంచనద్వీపం' అను పేర తెనిగించినదియు వారే. పిల్లలకు కథ చెప్ప నేర్చిన ఆ చేయియే పెద్దలకు విజ్ఞానము చెప్పుటకు పూనుకొన్నది. జీవోత్పత్తి మొదలు మనుష్యుని వరకు నడచిన కథ 'నరావతారం'. గ్రహనక్షత్ర గోళముల కథ 'విశ్వరూపం'. ప్రపంచమున మానవుడు చేసిన తత్త్వచింతన కథ 'విశ్వదర్శనం'. జీవము, జగత్తు, ఆలోచన: ఈ మూటిని మూడు గ్రంథములుగా ఒక్క చేతితో తెలుగువానికి అందించిన వారు మరియొకరు మాకు కానరారు.

మే మా పుస్తకమును మొదట చూచినది కళాశాల దినములలో. అట్ట యూడి, తొలి పుటలు పోయి, కర్త యెవరో గూడ తెలియని స్థితిలో అది మా చేతికి వచ్చినది. అప్పటికి మేము జీవశాస్త్రమున పరీక్షలు వ్రాసి మార్కులు తెచ్చుకొన్నవారమే. పరిణామము అను మాటకు నిర్వచనము కంఠస్థము. ఐనను ఆ పుస్తకము చదివిన రాత్రి మాకు నిద్ర పట్టలేదు. నిర్వచనముగా నున్నది మాకు సంభవముగా గోచరించెను. మన చేతి అయిదు వ్రేళ్ళకును, గబ్బిలపు రెక్కలోని యెముకలకును, తిమింగిలపు ఈతరెక్కకును చుట్టరికమున్నదన్న సంగతి పరీక్షకొరకు చదివినప్పుడు వట్టి వాక్యము. తెలిసి చదివినప్పుడు వంశవృక్షము.

ఈ రచయిత గొప్పతన మెందున్నది? వృత్తిరీత్యా మాకు సాక్ష్యముతో పరిచయ మెక్కువ గనుక ఆ కంటితోనే చెప్పుదుము. కొందరు శాస్త్రము చెప్పుచు తీర్పును మాత్రమే వినిపింతురు: పండితులిట్లు నిర్ణయించిరి, నీవు నమ్ముము అందురు. అది పురాణశ్రవణమే గాని విజ్ఞానము కాదు. నండూరివారు సాక్ష్యము నెదుట పెట్టుదురు. ఈ యెముక యిచట దొరకినది, ఈ పొరలో నున్నది, దీనిని చూచి ఫలానావారు ఇట్లూహించిరి, నీవేమందువు? అని చదువరిని జూరీలో కూర్చుండబెట్టుదురు. చదువరి తన బుద్ధితో తాను నిర్ణయమునకు వచ్చును. అట్లు వచ్చిన నిర్ణయమును ఎవరును అతనినుండి లాగికొనలేరు.

రెండవ సుగుణము భాష. శాస్త్రము తెలుగులో సాధ్యము కాదనువారు నేటికిని గలరు. పారిభాషిక పదములు లేవందురు. పదము లేకపోవుట పెద్ద యడ్డంకి కాదు. ఆ వాదము చేయువారికి వాక్యము రాదు, అదియే యడ్డంకి. నండూరివారి వాక్యము తేట. అవసరమైనచోట సంస్కృత పదము, చాలినచోట ఇంటిమాట, తప్పనిచోట ఇంగ్లీషు మాటయు సంకోచము లేక వాడుదురు. ఆయన గ్రంథము చదువునప్పుడు నిఘంటువు వెదకవలసిన పని మాకు కలుగలేదు.

ఈ పని నండూరివారితో మొదలు కాలేదు. 1906వ సంవత్సరమున కొమర్రాజు లక్ష్మణరావుగారు స్థాపించిన విజ్ఞానచంద్రికా గ్రంథమండలి దేశచరిత్రలతోపాటు జీవశాస్త్ర గ్రంథములనుగూడ ప్రకటించినది. ఆ మండలి తొలిగ్రంథమైన అబ్రహాము లింకను చరిత్రమును వ్రాసినవారు మన కర్నూలులో జన్మించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారే. 1908లో రాజద్రోహ నేరముపై చెరసాల కేగిన ఆ దేశభక్తుడే తరువాత గ్రంథాలయోద్యమమునకును, వయోజన విద్యకును తన జీవితమును ధారపోసెను. పరపాలనను ఎదిరించుటయు, పామరునిచేత పుస్తకము పట్టించుటయు ఆ పెద్దలకు రెండు పనులు కావు, ఒక్కటే పని. తన బుద్ధితో తా నాలోచింపజాలని జనులకు వచ్చిన స్వరాజ్యము ఇతరుల చేతిలోనే యుండునని వా రెరుగుదురు. మహీధర నళినీమోహన్, కొడవటిగంటి రోహిణీప్రసాద్, వేమూరి వేంకటేశ్వరరావు మొదలైనవారును ఆ బాటనే నడచిరి. అందరియెడలను మాకు గౌరవము గలదు. ఐనను మా హృదయము మొదట గెలిచినది నండూరివారు గనుక వారి మాటయే చెప్పుచున్నాము.

ఇది అభిమాన పాఠకుని స్తోత్రము మాత్రమేయైనచో ఇంత చోటు వినియోగింపకుందుము. నేడు దీని యవసరము హెచ్చినది. కోవిడ్ కాలమున విద్యార్థులకు భారము తగ్గించెదమను కారణముతో జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలివారు పదవ తరగతి విజ్ఞాన పాఠ్యమునుండి పరిణామ సిద్ధాంత భాగమును తొలగించిరి. ఆ మహమ్మారి పోయినది. 2023లో వెలువడిన పుస్తకములోను ఆ భాగము తిరిగి రాలేదు. 'అనువంశికత, పరిణామము' అని యుండిన పాఠములో 'అనువంశికత' మాత్రమే మిగిలినది. పదునెనిమిది వందలకు మించిన శాస్త్రజ్ఞులును, అధ్యాపకులును ఆ సంవత్సరమే బహిరంగ లేఖ వ్రాసి దీనిని ఖండించిరి. పన్నెండవ తరగతి జీవశాస్త్రములో ఆ విషయము కలదు గదా యని సమాధానము చెప్పిరి. కలదు, కాదనము. కాని పన్నెండవ తరగతిలో జీవశాస్త్రము చదువువా రెందరు? పదవ తరగతి ముగిసినంతనే బండల కార్ఖానాకో, పత్తిచేనికో, బెంగళూరు కూలిపనికో పోవు మన సీమ బిడ్డల మాట యేమి? మనుష్యు డెట్లు మనుష్యుడైనాడో తెలిసికొను హక్కు వైద్య పరీక్షకు కూర్చుండువారికి మాత్రమే గలదా?

పాఠశాల మూసిన తలుపును తెరువగలది పఠనమందిర మొక్కటే. అందుచేతనే 'నరావతారం' వంటి గ్రంథము మాకు వినోద సామగ్రిగా గాక, బడి విడిచినవానికి బడిగా కనబడుచున్నది.

ఇచట నొక ఆక్షేపణ వినవచ్చును. "మత్స్యము, కూర్మము, వరాహము, నారసింహము, వామనుడు: మన పెద్దలు దశావతారములలో చెప్పినదే గదా డార్విను చెప్పినది, క్రొత్తగా చదువవలసిన దేమున్నది?" అని పెద్దమనుష్యులు కొందరు మమ్మడిగిరి. పుస్తకమునకు 'నరావతారం' అని పేరు పెట్టుటలో నండూరివారు ఆ తలంపును చిరునవ్వుతో పలుకరించినట్లే మేము భావింతుము. తెలిసిన ద్వారమునుండి తెలియని యింటిలోనికి కొనిపోవుట మంచి ఉపాధ్యాయుని లక్షణము. కాని పోలిక సాక్ష్యము కాదు. ఇద్దరి ముఖములు ఒక తీరున నున్నవని చెప్పి ఆస్తి పంచి యిమ్మన్న దావాను ఏ న్యాయస్థానమును అంగీకరింపదు. పురాణము భక్తికి చెప్పినది. ఎముక, రాయి, రక్తము సత్యమునకు చెప్పుచున్నవి. దేని గౌరవము దానికి గలదు. ఒకదానిని రెండవదాని కుర్చీలో కూర్చుండబెట్టుటవలన రెండింటికిని అవమానమే.

ఇక ఆ యువకుని ప్రశ్నకు వత్తము. నాటి రాత్రియే పుస్తకములు వెదకి, తరువాతి ఆదివారము మేమతనికి చెప్పిన సమాధానమును పాఠకులకును వినిపింతుము. 1872లోనే విలియం కింగ్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు కడప, కర్నూలు శిలలనుగూర్చి ప్రత్యేక గ్రంథమొకటి వ్రాసెను. నేటికిని ప్రపంచమున ఈ శాస్త్రము చదువువారు నార్జి సున్నపురాయి యనియు, ఔకు పలకరాయి యనియు, పాణ్యము ఇసుకరాయి యనియు, కోయిలకుంట్ల సున్నపురాయి యనియు మన యూళ్ళ పేర్లనే ఉచ్చరింతురు. కడప శిలలలోని ప్రాచీనమైన పొరలు సుమారు 190 కోట్ల యేండ్లనాటివి. వేంపల్లె పేరు మోయు శిలలలో గుండ్రముగా, వరుసపై వరుసగా కనబడు రేఖలు కంటికి కనరాని జీవులు నీటి యడుగున చాపలవలె పరచుకొని కట్టిన కట్టడములు. భూమిపై ఊపిరి పీల్చదగిన వాయువును నింపినది అట్టి సూక్ష్మజీవులే. బేతంచెర్ల బండ ఆ ప్రాచీన శిలలకంటె పిన్నదే యైనను, కోట్ల సంవత్సరములకు పూర్వము లోతులేని సముద్రపు టడుగున పేరిన సున్నమే. గ్రుక్కెడు నీటికై బోరుబావిని వేయి యడుగులు దింపు ఈ సీమ ఒకనాడు సముద్రగర్భము! ఈ మాట చెప్పగా ఆ యువకుడు తన క్రింది బండను మరల తట్టి చూచుకొనెను. ఆ చూపును మేము మరువలేము.

బండల మాట యటుండ, మనుష్యుని మాట వినుడు. బేతంచెర్ల దాపున బిళ్ళసర్గము గుహలు గలవు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ తన కుమారునితో గూడి అచట త్రవ్వించి పురాతన జంతువుల యెముకలను వెలికి తీసెను. వానిలో నొక ఖడ్గమృగమునకు లిడెక్కర్ అను పండితుడు 1886లో మన కర్నూలు పేరే పెట్టెను. నేడు మేకలు మేయు గుట్టలలో ఒకప్పుడు ఖడ్గమృగములు తిరిగినవన్నమాట. బనగానపల్లె దాపున జుర్రేరు లోయలో జ్వాలాపుర మను గ్రామము గలదు. సుమారు 74 వేల యేండ్ల క్రిందట సముద్రమున కావల సుమత్రా ద్వీపమున టోబా అగ్నిపర్వతము పేలినప్పు డెగసిన బూడిద వచ్చి ఈ లోయలో పడినది. కొన్నిచోట్ల ఆ పొర రెండు మీటర్లకు మించిన మందము. మైకేల్ పెట్రాగ్లియా, ధార్వాడ కర్ణాటక విశ్వవిద్యాలయపు రవి కొరిసెట్టర్ మొదలైన పండితులు అచట త్రవ్వి, బూడిదకు క్రిందను, బూడిదకు పైనను గూడ మనుష్యుడు చేసిన రాతి పనిముట్లున్నవనియు, అవి యొకదాని నొకటి పోలియున్నవనియు 2007లో ప్రకటించిరి. ఆకాశము బూడిదగా కురిసిన పిదపకూడ ఇచట మనుష్యుడు నిలిచినాడని వారి యభిప్రాయము. ఆ పనిముట్లు మనవంటి మానవుల చేతివా, అంతకు పూర్వపు మానవజాతి చేతివా యను విషయమున వివాదము తీరలేదు. 2013లో పాల్ మెల్లర్స్ మొదలగువారు, మనవంటి మానవులు ఈ దేశమునకు వచ్చినది టోబా తరువాతనే యని గట్టిగా వాదించిరి. దావా నడుచుచున్నది, ఆ దావాకు ముఖ్య సాక్ష్యములలో నొకటి మన నేలయే.

ఆ సాక్ష్యమున కేమి గతి పట్టినది? ఆ బూడిదను వ్యాపారమునకై త్రవ్వి వాహనముల కెత్తించి పంపివేసిరి. డెబ్బదినాలుగు వేల యేండ్లు నిలిచిన పొర కొన్ని రూపాయలకు పోయినది. త్రవ్వినవారిని మేము నిందింపము. వారికి అది బూడిద. అది యేమో వారికి తెలుగులో చెప్పినవారు లేరు. దాని కథ ఇంగ్లీషు పత్రికలలో పడినది, విదేశ విశ్వవిద్యాలయములలో చర్చింపబడినది. లోయలోని రైతు చెవికి మాత్రము చేరలేదు. విజ్ఞానము ప్రజల భాషలో లేకున్నచో కలుగు నష్టమునకు ఇంతకంటె వేరు నిదర్శనము కావలయునా? అజ్ఞానము బుద్ధిని మాత్రమే గాక కాళ్ళక్రింది నేలను గూడ దోచికొనును.

నండూరివారి గ్రంథము వెలువడి సుమారు అర్ధశతాబ్దమైనది. ఈలోపల శాస్త్రము చాల దూరము నడచినది. జ్వాలాపురపు త్రవ్వకములు జరిగినది ఇరువది యొకటవ శతాబ్దిలో. నియాండర్తల్ మానవుని ఎముకలనుండి వాని జన్యు లిపిని చదివి 2010లో ప్రకటించిరి. ఆ పనికి నాయకుడైన స్వాంటే పాబోకు 2022లో నోబెల్ బహుమానము వచ్చినది. ఇవి ఆ గ్రంథమున వెదకరాదు. అభిమానముచేత ఈ లోపమును కప్పిపుచ్చుట నండూరివారికే యవమానము; సాక్ష్యము మారినప్పుడు తీర్పు మారవలెనన్నదే ఆ గ్రంథము నేర్పు నీతి గదా! ఆయనకు మనము చేయదగిన స్మారకము విగ్రహము కాదు. ఆయన విడిచిన చోటినుండి మొదలుపెట్టి వ్రాయు మరియొక గ్రంథము. అది మన సీమ యువకుడు వ్రాయవలెను. వేంపల్లె శిలలతో నారంభించి, బిళ్ళసర్గపు గుహలలో దూరి, జ్వాలాపురపు బూడిద దాటి, మన గడప వరకు వచ్చు కథ కావలెను.

అంతవరకు చేయదగిన పనులు మూడు గలవు. మొదటిది: కర్నూలు, నంద్యాల, కడప జిల్లాలలోని ప్రతి పఠనమందిరమును 'నరావతారం', 'విశ్వరూపం' గ్రంథములను తెప్పించి బీరువాలో గాక బల్లమీద నుంచవలెను. డబ్బు లేదన్న మాట చెల్లదు. 1960వ సంవత్సరపు గ్రంథాలయ శాసనము ననుసరించి మనము చెల్లించు ఆస్తిపన్నుపై రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ సుంకము గూడ చెల్లించుచున్నాము. ఆ పైసలకు ఏ పుస్తకములు వచ్చినవని అడుగు హక్కు పన్ను చెల్లించు ప్రతి గృహస్థునకును గలదు. రెండవది: వారమున కొకనాడు బిగ్గరగా చదివి వినిపించుట. చదువురాని వానికిని చెవులు గలవు. మంచి ప్రశ్న యడుగుటకు పట్టా యక్కరలేదు. మూడవది: ఉపాధ్యాయులు తమ విద్యార్థులను బెలుము గుహలకు విహారయాత్రగా కొనిపోవుచునే యున్నారు. ఫోటోలు తీసికొని మరలివచ్చుటకు ముందు, నీరు సున్నపురాతిని కరగించి మూడు కిలోమీటర్లకు మించిన ఆ సొరంగము నెట్లు తొలిచినదో చెప్పుడు. దారిలో బిళ్ళసర్గమును, జ్వాలాపురమును గూడ చూపుడు. మిగిలిన బూడిద పొరనైన కాపాడవలెనని గ్రామసభలచేత తీర్మానము చేయింపుడు. దానికి కావలసిన న్యాయసహాయము ఫీజు లేకుండ చేయుటకు మేము సిద్ధముగా నున్నాము.

సర్వోత్తమరావుగారి కాలమున మన పెద్దలు తలపై పుస్తకముల మూటలు మోసి గ్రామముల కేగిరి. మన కంత శ్రమ లేదు. ఒక పుస్తకమును తెరచి నలుగురు నడుమ కూర్చుండి చదివిన చాలును. విస్సన్నపేటలో పుట్టిన యొక పత్రికా రచయిత పుస్తకము బేతంచెర్ల కూలిచేత తన క్రింది బండను ప్రశ్నింపజేసినది. రాతిని ప్రశ్నింప నేర్చినవాడు క్రమముగా కౌలుపత్రమును, కూలి రేటును, పాలకుని మాటను గూడ ప్రశ్నించును. అట్టి ప్రశ్నలకు జంకువారు జంకుదురు గాక! మాకు మాత్రము ఆ యువకుని అరచేతి చప్పుడు మంగళవాద్యమువలె వినబడినది. వచ్చు ఆదివారమునుండి పఠనము మరల మొదటి ప్రకరణముతో నారంభించెదము. పాఠకులెల్లరును తమ యూళ్ళలో అట్లే యారంభింతురు గాక!